మొల లేని కట్టె

నా చేతుల మీదుగా దాటిన కట్టెలో ఒక్క మొల కూడా మిగలదని కరీంనగర్‌లో ఎవరినడిగినా చెబుతారు. స్లాబు ఆరాక ఊడదీసిన సెంట్రింగు చెక్కల్ని తెచ్చి, మొలలు పీకి, అంటిన సిమెంటు గీకి, మళ్లీ పనికొచ్చేలా చేసి అమ్మడం నా వ్యాపారం. నా దుకాణంలో ఒక చెక్క మీద సాక్షాత్తూ కలెక్టరే అరచెయ్యి వేసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నిమిరి, ఎక్కడా గీరుకోలేదని మెచ్చుకున్నాడు.

నిజానికి కలెక్టర్ రాలేదు. ఆయన ఆఫీసు ప్రహరీ కట్టిన మేస్త్రీ వచ్చాడు. నిమిరింది నిజమే. గీరుకున్నదీ నిజమే.

మొలల సంగతిలో నా గొప్ప సగమే నిజం. గిరాకీకి ఇచ్చే కట్టె మీద, పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని తాడుకు కట్టి మరీ తిప్పి చూసేవాణ్ణి. సొంతవాళ్లకైతే ఆ పని లేదు. మనవాళ్లే కదా, ఏమంటారు? బోథ్ దగ్గర పల్లెలో ఉండే మా తమ్ముడు ఎడ్లకు కొట్టం వేసుకుంటానంటే, మొలలు పీకని చెక్కలూ జామాయిల్ కర్రలూ అట్లాగే లారీకెక్కించాను. వాటితోనే కొట్టం లేచింది, పైన రేకులు పడ్డాయి. వాడు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు కట్టె పంపినవా, మొలలు పంపినవా?" అని నవ్వాడు.

పోయిన వానకాలం వాడికి జ్వరమంటే చూడ్డానికి వెళ్లాను. ముసురు పట్టింది. వాగు రోడ్డెక్కింది. దవాఖానకు తీసుకుపోయే దారి లేదు. ఒక పొద్దున చాయ్ కావాలని అడిగి, చాయ్ కాగేలోపు పోయాడు.

శవాన్ని పెట్టే ఐసు పెట్టె వాగు అవతలే ఆగిపోయింది. ఊళ్లో వైకుంఠధామం ఉంది, దానికి కప్పూ ఉంది, కాల్చడానికి ఎండు కట్టె లేదు. ఏ ఇంటి కట్టె చూసినా పిండితే నీళ్లు కారేలా ఉంది. చుట్టూ టేకు అడవి. పుల్ల ముడితే కేసు, ముట్టినా అదీ తడిసిందే. మర్నాటికి వాసన మొదలైంది. పూడ్చుదామని ఎవరో అంటే గుంట తవ్వారు. తవ్వుతుండగానే నీళ్లు ఊరాయి. మనిషిని నీళ్లలో ఎట్లా పెడతాం?

కట్టెల వ్యాపారిని, పైగా అన్నను. ఊరంతా నా ముఖమే చూస్తోంది. నాకేమీ తోచక అరుగు మీద కూలబడ్డాను. అప్పుడు మరదలు, తమ్ముడి భార్య, లేచి కొట్టంలోకి వెళ్లి, ఎడ్ల పలుపులు విప్పి వానలోకి తోలింది.

"కొట్టం ఇప్పుండ్రి," అంది. "గీ ఊర్ల ఎండు కట్టె గిదొక్కటే."

విప్పుతుంటే మొలలు బయటపడ్డాయి, చెక్క చెక్కకూ, తుప్పు పట్టి. కాటి కట్టెలో ఇనుము ఉండొద్దని, బూడిదలో ఎముకలు, మా భాషలో బొక్కలు, ఏరేటప్పుడు ఇనుము చేతికొస్తే అది పోయినవాడి పానానికి గుచ్చుకున్నట్టేనని మా అవ్వ చెబుతుండేది. మరదలికీ అదే పట్టింపు. అప్పటిదాకా ఏడ్వని మనిషి నా దగ్గరికొచ్చి నిలబడింది.

"బావా, జర మొలలు లేకుంట సూడు. బతికినన్నొద్దులు కొట్టంల గీరుకున్నయ్ ఆయనకు. ఇగ సాలు."

ఆ మొలలన్నీ నేనొక్కణ్ణే పీకానని చెప్పుకుంటుంటాను. నా పట్కారుకు ఒక్కటీ రాలేదు. పట్టి గుంజితే మొల తల ఊడి వచ్చేది, ఒళ్లు చెక్కలోనే ఉండిపోయేది. ఊరివాళ్లు టార్పాలిన్ కింద గొడ్డళ్లతో చెక్కల్ని చీల్చి తీశారు. నా అయస్కాంతం కరీంనగర్ దుకాణంలో ఒక మొలకే వేలాడుతోంది. అందుకని ప్రతి చీలిక మీదా అరచెయ్యి వేసి నిమిరాను, చెయ్యి రక్తమయ్యేదాకా. ఆ రక్తం మాత్రం కల్పించింది కాదు.

సిమెంటు పట్టిన చెక్క ఒక పట్టాన అంటుకోదు. వాడికి పిల్లలు లేరు కాబట్టి నిప్పు నేనే పెట్టాను. ఆరిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ ఆరింది. ఎప్పటికో అంటుకుంది. ఇంటికి తిరిగొస్తే, కొట్టం లేని చోట ఎడ్లు అలవాటుగా వచ్చి తడుస్తూ నిలబడి ఉన్నాయి.

మూడో రోజు బొక్కలు ఏరడానికి వెళ్లేసరికి మరదలు నాకంటే ముందే అక్కడుంది. బూడిదంతా వేళ్లతో జల్లించాను. ఒక్క మొల తగల్లేదు. తమ్ముడి విషయంలో నాకు మిగిలిన ఊరట అదొక్కటే. పెళ్లికి పోయినా చావుకు పోయినా అదే చెప్పాను: మా తమ్ముడికి మొల లేని కట్టె పెట్టాను.

మొన్న సంవత్సరికానికి వెళ్లాను. కొట్టం మళ్లీ లేచింది. దాని నీడలో చుట్టాల మధ్య కూర్చుని బూడిదలో ఒక్క మొలా దొరకలేదని ఇంకోసారి చెబుతున్నాను. ఎడ్లకు గడ్డి వేస్తున్న మరదలు వెనక్కి తిరక్కుండానే అంది:

"దొరకకేంది బావా. పిడికెడు దొరికినయ్. నువ్వు రాకముందే ఏరి కొంగుల కట్టుకున్న. గీ కొట్టానికి కొట్టిచ్చినయ్ గవే."