సీసా గురించి నేను చెప్పని సగం

ఒక మనిషి బతుకు మీద నేను ఒక అబద్ధం పెట్టాను. పెట్టి, ఇన్నేళ్ళూ ఏమీ ఎరగనట్టు దాని పక్కనే తిరుగుతున్నాను. మామూలు అబద్ధమైతే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. ఇది నిజాల మధ్య పెట్టి చెప్పిన అబద్ధం. అందుకే ఎవరూ పట్టుకోలేదు. నేనూ వదిలించుకోలేకపోయాను. ఇక మోయను. ఇవాళ చెప్పేస్తాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళయితే "పోనీలెండి మేడమ్, ఎప్పటి సంగతో" అంటారు. ఆ మాట నాకు వద్దు. పోనివ్వడానికి వీల్లేదు కాబట్టే రాస్తున్నాను.

నాది తిరువూరు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మాది పంతుళ్ళ ఇల్లు. తాతయ్య, నాన్న, పిన్ని, అందరూ పాఠాలు చెప్పి బతికినవాళ్ళే. నా పేరు రాయను. రాయకపోయినా ఇది చదివితే మా ఊళ్ళో సగంమంది ఇట్టే పోల్చుకుంటారు. పోల్చుకోనివ్వండి.

నాగమణి నా స్నేహితురాలు. ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వాళ్ళది వ్యాపారస్తుల కుటుంబం. వాళ్ళ నాన్నగారు మెయిన్ రోడ్డు వెనక ఒక రేకుల షెడ్డులో గోలీ సోడా తయారుచేసేవారు. చదువులో నాగమణి అంతంత మాత్రం. లెక్కల పరీక్ష వస్తే నా భుజం మీంచి తొంగిచూసి రాసేది. నేను కూడా చెయ్యి కాస్త పక్కకు జరిపేదాన్ని. ఆ తర్వాత నేను పెద్ద చదువులకు వెళ్ళాను, అది షెడ్డులోకి వెళ్ళింది. తండ్రి చేతిలోంచి వ్యాపారం తీసుకుని నాలుగైదేళ్ళలో విస్సన్నపేట దాకా, ఇటు నెమలి దాకా ఆటోల్లో పెట్టెలు పంపించే స్థాయికి తెచ్చింది. బస్టాండులో దిగి "సోడా నాగమణి గారిల్లు ఎక్కడండీ" అంటే చంటిపిల్లాడు కూడా చూపించేవాడు. నా ఇల్లు ఎక్కడని అడిగితే, మా వీధివాళ్ళే తల గోక్కునేవారు.

నాకు కుళ్ళుగా ఉండేది. వేరే మంచి మాట కోసం వెతికాను, దొరకలేదు. కుళ్ళే.

ఆ సోడా పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. కొట్టు ముందు నిలబడి గోలీ కొట్టించుకుని తాగాలి, సీసా అక్కడే ఇచ్చేయాలి. ఇంటికి పట్టుకెళ్తానంటే కొట్టువాడు ఒప్పుకోడు. "ఖాళీ సీసా ఇస్తేనే నిండు సీసా" అంటాడు. చుట్టమొచ్చాడని చెప్పినా వినడు. ఖాళీలన్నీ సాయంత్రానికి షెడ్డుకు చేరతాయి, తొట్టిలో పడి, బ్రష్షుతో కడిగించుకుని, మళ్ళీ నిండి, మర్నాడు అదే కొట్టుకు వెళ్తాయి. నా చిన్నప్పుడు తాగిన సీసాలోనే మా పిల్లలూ తాగారంటే ఆశ్చర్యం లేదు. ఈ తిరుగుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నేను మింగేసింది దాన్నే.

కొన్నేళ్ళ కిందట, ఎండాకాలం మొదలవబోతుండగా ఊళ్ళో వర్తకులంతా సమావేశం పెట్టుకున్నారు. కాలవలు ఖాళీ సీసాలతో, ప్యాకెట్లతో పూడిపోతున్నాయి. కూల్‌డ్రింకులు, సోడాలు, జ్యూసులు దేంట్లో అమ్మితే నయమో తెలుసుకుని అందరూ ఒక మాట మీద ఉందామనుకున్నారు. చదువుకున్నవాళ్ళెవరైనా చెబితే బాగుంటుందని నన్ను పిలిచారు. ఊరు నన్ను పిలవడం అదే మొదటిసారి. పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. సోడాల గురించి మాట్లాడటానికి పట్టుచీరేమిటో!

బల్ల మీద నాలుగు పెట్టాను. నాగమణి షెడ్డు నుంచి తెప్పించిన సోడా సీసా, ప్లాస్టిక్ బాటిల్, అల్యూమినియం డబ్బా, జ్యూసు వచ్చే అట్ట ప్యాకెట్. అట్ట ప్యాకెట్ చూడటానికి కాగితమే గాని, లోపల ప్లాస్టిక్ పొర, సన్నటి అల్యూమినియం రేకు అతుక్కుని ఉంటాయనీ, వాటిని విడదీసేవాళ్ళు మన చుట్టుపక్కల లేరనీ చెప్పాను. అల్యూమినియాన్ని ఖనిజం నుంచి తీయడానికి బోలెడంత కరెంటు కావాలి, కానీ పాత డబ్బాను కరిగించి మళ్ళీ డబ్బా చేయడానికి అందులో చాలా కొద్దిగా చాలు అన్నాను. ప్లాస్టిక్ తేలిక, చేయడానికీ మోయడానికీ ఖర్చయ్యే ఇంధనం తక్కువ, కాకపోతే పారేస్తే పోదు, ముక్కలై మట్టిలో నీళ్ళలో ఉండిపోతుంది అన్నాను. అన్నీ నిజాలే.

అప్పటిదాకా జనం మర్యాదకు వింటున్నారు. ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు. ఇక గాజు దగ్గరకొచ్చాను. "మీరంతా గాజు చాలా మంచిదనుకుంటున్నారు కదండీ" అన్నాను. తలలు ఊగాయి. "కాదు" అన్నాను. ఫోను చూసుకుంటున్నాయన తలెత్తాడు.

ఆ తలెత్తడం నాకు ఎంత బాగుందో చెప్పలేను. అక్కణ్ణుంచి రెచ్చిపోయాను. గాజు కరగాలంటే కొలిమిలో ఎంత వేడి కావాలి, ఆ వేడికి ఎంత ఇంధనం మండాలి, సీసా ఎంత బరువు, ఆ బరువుకు లారీ ఎంత డీజిలు తాగుతుంది, ఒక్కొక్కటే చెప్పాను. నాలుగింట్లోనూ భూమికి ఎక్కువ భారం ఈ సీసాయే అని, నాగమణి సీసాను పైకెత్తి చూపించాను.

ఆ చెప్పింది దూరం నుంచి లారీలో వచ్చి, ఒక్కసారి తాగి పారేసే సీసాకు నిజం. ఆ సీసా గురించి అయితే ఇవాళ అడిగినా అదే చెబుతాను. కానీ నా చేతిలో ఉన్నది అది కాదు. నా చేతిలో ఉన్నది తిరిగొచ్చే సీసా. నింపిన ప్రతిసారీ, ఆ కొలిమి వేడి ఖర్చులో ఒక్కో సోడాకు పడే వాటా తగ్గుతూ వస్తుంది. కడగడానికి నీళ్ళు అవుతాయి, నిజమే, అయినా ఊరు దాటని సీసాకు, ఏళ్ళ తరబడి నిండే సీసాకు, మిగతా మూడూ సాటి రావు. ఇది నాకు తెలియదా? తెలుసు. ఇంటి దగ్గర అద్దం ముందు నిలబడి ఆ ముక్క కూడా వల్లెవేసుకునే వెళ్ళాను. తీరా అక్కడ ఆ ముఖాలు చూశాక, అది చెబితే అందరూ "అయితే గాజే మంచిదన్నమాట, మాకు తెలిసిందేగా" అని చప్పబడిపోతారని ఆపేశాను. అంతేనా? నాగమణి ముందు వరసలో కూర్చుని ఉంది. ఆ కారణం కూడా ఉంది కదా, దాన్నెందుకు దాచడం? ఒక్కరోజు, ఒక్క పూట, ఊరంతా దాన్ని కాకుండా నన్ను చూడాలనిపించింది.

నాగమణి లేచింది. కోపం లేదు, తెలుసుకుందామనే లేచింది.

"అది కాదే, మా సీసా మళ్ళీ మళ్ళీ నింపుతాం కదా. ఆ లెక్క కూడా చూశావా?"

అందరూ నా వైపు తిరిగారు. దిద్దుకోవడానికి దేవుడిచ్చిన అవకాశం అంటారే, అది.

"చూశాను. అదంతా కలిపే చెప్పాను."

"కడగడం, తిరిగి తేవడం, అన్నీనా?"

"అన్నీనూ."

"సరే అయితే. నువ్వు చెప్పావంటే అంతే." జనం వైపు తిరిగి నవ్వింది. "దీని పేపరు చూసి రాసి ఎప్పుడూ తప్పలేదండీ నేను!"

హాలంతా ఘొల్లుమంది. చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను.

అక్కడితో ఆగినా బాగుండేది. వర్తకుల సంగతి ఎలా ఉన్నా, నాగమణి మాత్రం ఆ మాటను మంత్రంలా పట్టుకుంది. నెల తిరక్కుండా ప్లాస్టిక్ బాటిళ్ళకు మారింది. సీసాలన్నీ పాతసామాన్ల వ్యాపారికి ఇచ్చేసింది. మోసుకెళ్ళడానికి వీలుగా అతను వాటిని షెడ్డు ముందే పగలగొట్టించుకున్నాడు. "చూద్దువుగాని రావే, నువ్వు చెప్పినట్టే చేస్తున్నా" అని నాగమణి ఫోన్ చేసి మరీ పిలిచింది. వెళ్ళాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఒక్క అరుపు అరిస్తే ఆగేది. "ఆపండి, నేను తప్పు చెప్పాను" అంటే చాలు. అనలేదు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఎంత పెద్ద గొంతో నాది!

వాళ్ళ నాన్నగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆ గాజుపెంకుల వైపు చూస్తున్నారు. నన్ను దగ్గరకు పిలిచారు.

"అమ్మా, అయితే నేను ఇన్నేళ్ళూ చేటే చేశానంటావా?"

"అప్పట్లో ఎవరికీ తెలియదు కదండీ బాబాయిగారూ" అన్నాను.

అదీ నేను చెప్పిన జవాబు. చేయని తప్పుకు ఆయన్ని పెద్దమనసుతో క్షమించి వచ్చాను. నేను చేసిన పాపాల్లో ఏది పెద్దదని ఎవరైనా అడిగితే, మైకులో చెప్పింది కాదు, ఇది.

తర్వాత కథ తొందరగానే అయిపోయింది. ప్లాస్టిక్ బాటిల్లో సోడా పోస్తే గోలీ లేదు, ఆ చప్పుడు లేదు, మూత తీసిన కాసేపటికే గ్యాసు లేదు. "గోలీ లేకపోతే అది సోడా ఏంటండీ" అన్నారు జనం. కంపెనీల బాటిళ్ళ పక్కన నాగమణి బాటిల్ కూడా ఒకటి, అంతే. కొట్లవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. ఇప్పుడా షెడ్డు సిమెంటు బస్తాల గోడౌను. తన గల్లాపెట్టె ముందు దర్జాగా కూర్చున్న మనిషి, తమ్ముడి బట్టల కొట్లో చీరలు మడతపెడుతోంది. షెడ్డు మూసిన రెండో ఏడు పెద్దాయన పోయారు. కాలవలు మాత్రం ఇంకా పూడుతూనే ఉన్నాయి.

ఇన్నాళ్ళూ నాకు నేను ఏం చెప్పుకున్నానో అదీ చెబుతాను. కాలం మారింది, నేను చెప్పకపోయినా ఆ వ్యాపారం పోయేదే అనుకున్నాను. నిజమే కావచ్చు. గోలీ సోడాలు చాలా ఊళ్ళలో వాటంతటవే పోయాయి. కానీ వాటంతటవి పోవడం వేరు, నేను చంపడం వేరు. తెగులొచ్చి పోయే చేనేగా అని మనమే కోసిపారేస్తామా?

మొన్న పెద్దాయన సంవత్సరీకం. భోజనాలకు వెళ్ళాను. వడ్డన జరుగుతుంటే పెనుగొలను నుంచి వచ్చిన చుట్టాలెవరో సోడా షెడ్డు ఎందుకు తీసేశారని అడిగారు. నాగమణి చేతిలో గారెల పళ్ళెం ఉంది. "గాజు వల్ల భూమికి చాలా చేటండీ. నాన్న పాపం తెలియక చేశాడు. ఇది చెప్పింది కాబట్టి నేను మానేశాను" అంటూ నన్ను చూపించింది. గర్వంగా చూపించింది. కన్నతండ్రి సంవత్సరీకం రోజున, ఆయన బతుకంతా తప్పు పని అని నలుగురికీ చెబుతోంది. నా మాట మీద నమ్మకంతో చెబుతోంది. నా నోట్లో గారె అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున కొట్టు తీసే వేళకు వెళ్ళాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. దాచిన ముక్క చెప్పాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను, కుళ్ళుతో సహా. నాగమణి చీర మడత పెడుతూనే వింది. మడత పూర్తయ్యాక దాని మీద చెయ్యి వేసింది.

"అయితే నాన్న చేసింది తప్పు కాదా?" అంది.

కాదన్నాను.

"ఆ సంగతి తెలియకుండానే పోయాడే."

క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"అది అడక్కు. ఆవేళ నలుగురిలో చెప్పావు, ఇదీ నలుగురిలోనే చెప్పు. నాన్న పేరు పెట్టి చెప్పు."

ఇంతలో బేరం వచ్చింది. "రండమ్మా" అంటూ అటు తిరిగి చీరలు పరిచింది. మళ్ళీ నా వైపు చూడలేదు. నేను వచ్చేశాను.

వర్తకుల సంఘం వాళ్ళను కలిసి, వచ్చే సమావేశంలో నాకు మైకు కావాలని అడిగాను. దేని గురించని అడిగారు. పాత ఉపన్యాసంలో సగం మిగిలిపోయిందని చెప్పాను. నవ్వి సరేనన్నారు. ఆ రోజు నవ్వరు. నవ్వకపోయినా చెబుతాను. కాలేజీలో ఏమంటారో, రేపు పాఠం చెబుతుంటే పిల్లలు ఏ కళ్ళతో చూస్తారో, ఆలోచించాను. చూడనివ్వండి. నాగమణి ఇక నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. అడిగే హక్కు లేదు కాబట్టి అడగను.

అప్పటిదాకా ఆగలేక ముందు మీకు చెబుతున్నాను. రాస్తుంటే గుండె కాస్త తేలికపడింది, అబద్ధమెందుకు. నోరు తడబడకుండా ఉండటానికి, అక్కడ చెప్పబోయే మాట ఇక్కడ ఒకసారి రాసుకుంటున్నాను.

వెంకటరత్నం గారి సీసాలు మంచివి. ఆయన ఏ చేటూ చేయలేదు. ఆ సంగతి నాకు ఆ రోజు మైకు పట్టుకున్నప్పుడే తెలుసు.