అమ్మ ఊపిరి

గచ్చిబౌలిలో మారథాన్ జరిగే ఉదయాల్లో రోడ్డంతా నొప్పుల మందు వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే నాకు అక్క పరుగు పోటీలు గుర్తొస్తాయి.

అక్క స్టేడియంలో ఎంత దూరమైనా అలుపు లేకుండా పరుగెత్తేది. "అది మా వంశం రక్తం" అనేవాడు నాన్న. రక్తం నాన్నల వైపు నుంచే వస్తుందని నేను నమ్మేదాన్ని.

ఒకసారి పోటీ రోజున అక్క బూట్ల సంచి షేర్ ఆటోలోనే ఉండిపోయింది. అమ్మ కొంగు నడుముకు దోపుకుని ఆటో వెంట పరుగెత్తింది. నానక్‌రామ్‌గూడ మలుపు దగ్గర దాన్ని అందుకుని, సంచితో మళ్లీ పరుగునే స్టేడియానికి తిరిగొచ్చింది. అందరూ చూస్తున్నారని నాకు సిగ్గేసింది. అక్క కోచ్ మాత్రం ఆయాసమే లేని అమ్మను చూస్తూ నిలబడ్డాడు.

"మీ బిడ్డకు ఈ ఊపిరి మీ నుంచే వచ్చిందమ్మా. చిన్నప్పుడు ఉరికిండ్రా?"

"ఆడపిల్లను ఎవరు ఉరకనిస్తరు సార్?" అని అమ్మ నవ్వింది.

నవ్వింది కదా, ఆమెకు అదేం పెద్ద విషయం కాదనుకున్నాను.

ఇప్పుడు అమ్మకు కర్ర లేకుండా నడవడం కష్టం. మొన్న టీవీలో ఆడవాళ్ల పరుగు పందెం వస్తుంటే, చివరామె గీత దాటేదాకా చూస్తూనే ఉంది.

"నేను గూడ ఉరికేదాన్నేమో బిడ్డా" అంది మెల్లగా.