తిన్నంకనే నిద్ర

పొయ్యి మీద మక్కజొన్న రవ్వ గటుక ఉడికే వాసన వస్తే ఇప్పటికీ తలుపు వైపు చూస్తాను. నేనుండేది కోరుట్లలో, నా బిడ్డ ఇంట్లో. అయినా ఆ వాసనకు సిరిసిల్లలో మా పాత గది గడప మీద నిలబడినట్టే ఉంటుంది. అక్కడ పక్క గదిలో నర్సవ్వ ఉండేది. బీడీలు చేసేది. నాకు అక్షరాలు రావు. వచ్చిన ఒక్క చదువూ ఆమె చెప్పిందే.

మా ఆయన సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, పన్నెండేసి గంటలు. రాత్రి అన్నం తింటే కునుకొస్తుందని, కునుకొస్తే పోగు తెగినా కనబడదని, ఉత్త చాయ్‌తో తెల్లవార్చేవాడు. ఇంతలో షుగర్ అన్నారు. పొద్దున తినే ముందు గోలి వేసుకోమన్నాడు డాక్టర్. ఆయన పని దిగి రాగానే నేనే నీళ్లిచ్చి మింగించేదాన్ని. "లేచినంక తింట" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను తలుపు దగ్గరికి వేసి, గిన్నె చప్పుడు కానిచ్చేదాన్ని కాదు. మొగుని నిద్ర కాపాడుతున్నానని నాకు గొప్ప.

ఒకరోజు నర్సవ్వ కత్తెర కోసం వచ్చింది.

"మెల్లగ అక్కా, ఇప్పుడే పండుకున్నడు."

"పండుకున్నోనికి గంత చెమటేందే?" అని లోపలికొచ్చి ఆయన చెంపలు తట్టింది. కళ్లు తెరిచాడు కానీ నన్ను ఎవరో అన్నట్టు చూశాడు. మాట ముద్దగా వచ్చింది. "చక్కెర నీళ్లు తే, జల్ది!" అని నర్సవ్వ అరిచింది. కూర్చోబెట్టి గుక్క గుక్క తాగించాం. తొందరలో సగం ఆయన బనీను మీదే పడ్డాయి. కాసేపటికి, "ఏంది, ఇద్దరు గల్సి నాకు తానం పోస్తున్నరా?" అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

నర్సవ్వ నా వైపు తిరిగింది. "నేను గూడ షుగర్ దాన్నే. గోలి మింగి ఉపాసం పంటరానే? రాత్రి పనికి పోతడని డాక్టర్‌కు చెప్పినవా?"

చెప్పలేదు. డాక్టర్ అడగలేదు, నాకు తోచలేదు.

"ఇయ్యాల్నే పోయి చెప్పు. తిన్నంకనే పండనియ్యి. తిట్టినా లేపు."

డాక్టర్ గోలి వేళ మార్చాడు. ఆ తర్వాత ఆయన వచ్చేసరికి గటుక సిద్ధంగా ఉండేది. గోడ అవతల నుంచి నర్సవ్వ "తిన్నడా?" అని కేకేసేది. "తిన్నడు" అనేదాకా వదిలేది కాదు.

తర్వాత సాంచాలు ఆగిపోయాయి. ఆయన ఒక్కడే మగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండి పోయాడు. అక్కడా రాత్రి పనే. ఒక పొద్దున వచ్చి గోలి మింగి, తినకుండానే పడుకున్నాడట. అలసిపోయాడు పాపమని గదిలోవాళ్లు మధ్యాహ్నం దాకా లేపలేదట. లేపేసరికి ప్రాణం లేదట. వాళ్లనేమనను? నేనూ తలుపు దగ్గరికి వేసినదాన్నే.

నర్సవ్వ కూడా పోయింది. ఇప్పుడు అల్లుడు దుబాయ్‌లో రాత్రి డ్యూటీ చేస్తున్నాడు. ఆయనకూ షుగరే. పని దిగే వేళకు ఫోన్ చేస్తాను.

"తిన్న అత్తా, పండుకుంట."

"ఫోన్ పక్కకు పెట్టి మళ్ల రెండు బుక్కలు తిను, అయ్యా."

నవ్వుతాడు. నవ్వనీ. నమిలే చప్పుడు వినబడేదాకా నేను ఫోన్ పెట్టను.