చిల్లుల కరివేపాకు

పత్తికి మందు కొట్టాక ట్యాంకులో మిగిలింది తెచ్చి పెరటి మొక్కలకు కొట్టేయడం ఎనభైల్లో మా ఊళ్ళో అందరి అలవాటు. పారబోస్తే దండగట! తెల్లదోమ పత్తిని పీల్చేస్తున్న ఏడాది, మా మరిది చేలోంచి వస్తూనే, స్ప్రేయరు వీపు మీద నుంచి దించకుండా నా కరివేపాకు చెట్టు దగ్గరికి వచ్చాడు.

"తప్పుకో వదినా. ఆకంతా పురుగు తినేస్తుంటే చూస్తూ కూర్చున్నావా?"

చూస్తూ కూర్చున్నానా! ఆ పురుగు చిన్నగా ఉన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. ఎదిగాక పచ్చబడి ఆకుల్లో కలిసిపోతుంది. రోజూ పొద్దున్నే కొమ్మలు వంచి, వాటిని ఏరి కోళ్ళకు వేస్తున్నది నేనే. చెట్టుకు అడ్డంగా నిలబడ్డాను.

"సరే, కొట్టు. కొట్టి, చారులోకి ఆకు నువ్వే కోసి, ముందు నా ఎదురుగా నమిలి మింగు."

"విషం మింగమంటావేంటి వదినా!"

"మరి ఇంటిల్లిపాదికీ నువ్వు పెట్టబోయేదేంటి?"

మరిది వెనక్కి తిరిగి స్ప్రేయరు పెరటి బయట దించాడు.

ఆ మధ్యాహ్నం చారులో పురుగు కొట్టిన చిల్లుల ఆకులే వేశాను. ఎప్పుడూ కరివేపాకు ఏరి కంచం అంచున పెట్టే మరిది, ఆ రోజు ఒక్క ఆకు కూడా పక్కన పెట్టలేదు.

పెడితే నేను ఊరుకునేదాన్నా?