మమ్మల్ని పరీక్షకు కూర్చోబెట్టిన టీచర్

మా లెక్కల టీచర్ చనిపోయారన్న కబురు ఆమెను వెళ్లగొట్టిన బడి నుంచే నాకు అందింది. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆమె ఫోటో, చుట్టూ పూలు, కింద కన్నడంలో "మా సంస్థ ప్రియ ఉపాధ్యాయినికి అశ్రునివాళి" అని ఉంది. అప్పుడు నేను ఆసుపత్రి ల్యాబులో డ్యూటీలో ఉన్నాను. గ్లౌజులు తీసి ఆ పోస్టరు మళ్లీ చదివాను. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. పోయిన మనిషి గురించి అలా మొదలుపెట్టకూడదేమో. కానీ జరిగింది అదే.

ఆమె బీదర్‌లో మా చర్చి వెనక గల్లీలో, రెండు గదుల అద్దె ఇంట్లో తల్లితో ఉండేవారు. మంచి మనిషంటే మెత్తగా మాట్లాడాలనుకునే వాళ్లకు ఆమె నచ్చేవారు కాదు. గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే. చాయ్ సాసర్లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగేవారు. మా నోటుపుస్తకాలు మాత్రం ఎప్పుడూ పెన్సిలుతోనే దిద్దేవారు. "ఎర్రసిరా జూస్తే పిల్లలకు జరమొస్తది" అనేవారు.

మా ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ, బడిలో కన్నడం. పదో తరగతికి వచ్చేసరికి లెక్క అర్థమైనా, దాన్ని కన్నడంలో రాయడం రాక నేను వెనకబడ్డాను. బోర్డు పరీక్షకు ముందు బడిలో పెట్టే ప్రిపరేటరీ పరీక్షలో మార్కులు తక్కువ వచ్చిన కొందరి తల్లిదండ్రులను హెడ్మాస్టర్ పిలిపించాడు. వడ్రంగి పని మధ్యలో వదిలి, చొక్కాకు రంపపు పొట్టుతోనే వచ్చాడు మా నాయిన.

"ఈసారి రాస్తే మీ బిడ్డ ఫేలైతది. ఒక ఏడు ఆగి, ప్రైవేటుగా రాయిద్దాం. ఇష్టంతోనే ఆపుతున్నమని ఈడ సంతకం చెయ్యండి" అన్నాడు హెడ్మాస్టర్.

అసలు సంగతి అందరికీ తెలిసిందే. మాలాంటి వాళ్లం రాయకపోతే బడికి నూటికి నూరు ఫలితం వస్తుంది. గేటు మీద కట్టే బ్యానరు కోసం మేము అడ్డు తప్పుకోవాలి.

నాయిన పెన్ను అందుకున్నాడు. అప్పుడే టీచర్ లోపలికి వచ్చారు.

"సంతకం చెయ్యకు అన్నా. బిడ్డ రాస్తది. రాయనీకి అడ్డం పడే హక్కు ఎవ్వలకు లేదు."

"ఫేలైతే మీరు జవాబు చెప్తరా?" అన్నాడు హెడ్మాస్టర్.

"ఫేలైతే అది పిల్ల ఫేలు. మీరిప్పుడు చేస్తున్నది మీ ఫేలు."

నాయిన పెన్ను బల్ల మీద పెట్టేశాడు. మరునాడు టీచర్ నాయినను, ఇంకో ఇద్దరు తల్లులను వెంటబెట్టుకుని విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లారు. మా హాల్ టికెట్లు వచ్చాయి. ఆ తర్వాత వారంలోనే, రేపటి నుంచి రావద్దని ఆమెకు చెప్పేశారు. స్టాఫ్ రూములో అంతమంది ఉన్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. ఆమె టిఫిన్ డబ్బా అక్కడే ఉండిపోతే నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె డబ్బా అందుకుని, "లెక్కల పుస్తకం తెచ్చినవా?" అని అడిగారు. అంతే. ఆ సాయంత్రం నుంచే ఆమె ఇంటి ముందుగదిలో మా చదువు మొదలైంది.

ఆమె పద్ధతులు మొరటుగా ఉండేవి. ఒక పేజీ చదవగానే పుస్తకం లాక్కుని, చదివింది చెప్పమనేవారు. "మూసినంక నోట్ల మిగిలిందే నీది. తక్కింది ఇంకా పుస్తకానిదే." ముందు తెలుగులో చెప్పించి, అర్థమైందని నమ్మకం కుదిరాకే కన్నడంలో రాయించేవారు. నిన్న ఏ లెక్క తప్పామో దానితోనే ఇవాళ మొదలు. వచ్చిన లెక్కలే మళ్లీ మళ్లీ చేస్తే, "వచ్చింది చేసి మురుసుడు చదువు గాదు" అని కసిరేవారు. తల మొద్దుబారిందంటే బిందె ఇచ్చి నీళ్లకు పంపేవారు. చీకటి పడ్డాక ఎవరినీ ఉండనిచ్చేవారు కాదు, పోయి తిని పడుకోమనేవారు.

ఒకరోజు నేను, "మనసైతలేదు టీచర్" అన్నాను.

"మనసుతోని ఏం పని? నువ్వు కూసో. మనసు ఎనకనుంచి వస్తది."

ల్యాబు టెక్నీషియన్ పరీక్షలకు చదివినప్పుడు కూడా ఈ మాటే నన్ను కూర్చోబెట్టింది. ఆమె చెప్పినట్టే, మనసు వెనకనుంచి వచ్చేది. కొన్ని రోజులు వచ్చేది కాదు. అయినా కూర్చునేదాన్ని.

బగ్దల్ నుంచి బస్సులో వచ్చే నా స్నేహితురాలు సునంద గురించి చెప్పకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. టీచర్‌కు సంగతి తెలిసేలోపే వాళ్ల నాయిన సంతకం పెట్టేశాడు. టీచర్ బగ్దల్ వెళ్లి, కంది చేలో ఉన్న ఆయనను బతిమాలారు.

"పెద్ద సారు ముందల సంతకం పెట్టిన టీచరమ్మా. ఇప్పుడు మాటెట్ల తప్పుత?" అన్నాడాయన.

ఎంత చెప్పినా కదల్లేదు. పరీక్ష లేకపోయినా సునంద కొన్నాళ్లు మాతోపాటు వచ్చి కూర్చుంది. త్రిభుజాల సిద్ధాంతం నాకు అర్థమయ్యేలా చెప్పింది తనే. తర్వాత రావడం మానేసింది. వచ్చే ఏడు రాయిస్తామన్న బడి, ఆ ఏడు రాగానే సునంద పేరే మరిచిపోయింది.

నేను గట్టెక్కాను. మిఠాయి పట్టుకుని వెళితే టీచర్ నోట్లో వేసుకోకుండా, "సునందను కలిసినవా?" అని అడిగారు. లేదన్నాను. ఆ ముక్కను మళ్లీ మిఠాయి డబ్బాలోనే పెట్టేశారు.

ఊళ్లో మరే బడీ ఆమెను తీసుకోలేదు. "గొడవల టీచర్" అన్న పేరు ఆమె కంటే ముందే గేటు దాటి వెళ్లేది. గల్లీ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ, తల్లిని సాగనంపి, ఒంటరిగా గడిపారు. షుగరు ముదిరాక రక్తపరీక్షకు నా దగ్గరికే వచ్చేవారు. నేను సూది పట్టుకుంటే, "ముందుగాల ఏం చేస్తవ్, ఎనక ఏం చేస్తవ్? చూడకుంట జెప్పు" అని అప్పజెప్పించుకునేవారు. చెప్పేదాన్ని. ఏదైనా మరిచిపోతే చెయ్యి వెనక్కి లాక్కునేవారు.

చివరి రోజుల్లో మా పాస్టరయ్య ప్రార్థన చేసి, ఆ బడివాళ్లను క్షమించమని మెల్లగా అడిగారు. నేను పక్కనే ఉన్నాను.

"నాకు చేసింది ఎప్పుడో క్షమించిన అయ్యగారూ. పిల్లలకు చేసింది క్షమించనీకి నేనెవర్ని?" అన్నారు టీచర్.

ఆయన బైబిలు మూసేశారు.

సమాధి దగ్గరికి బడి అధ్యక్షుడు, ఆమెను తీసేసినప్పుడూ ఆ కుర్చీలో ఉన్నాయనే, పెద్ద పూలదండతో వచ్చాడు. "మా బడికి వెన్నెముక" అన్నాడు, కళ్లు తుడుచుకున్నాడు. ఆ మాటకు కొందరు తలలూపారు. బగ్దల్ నుంచి వచ్చిన సునంద నా పక్కనే నిలబడి ఉంది. చేతులు పొలం పనికి కాయలు కాచి ఉన్నాయి.

"గీ నోరు గప్పుడే లేసుంటే బాగుండు గద" అంది, నాకు మాత్రమే వినిపించేలా. మట్టి వేసి, ఆయనకు ఎదురుపడకుండా పక్కదారిన వెళ్లిపోయింది.

నిన్న ఆ ఇల్లు ఖాళీ చేయడానికి వెళ్లాను. కొత్త కిరాయిదారు కోసం ఇంటి ఓనరు అప్పుడే సున్నం వేయిస్తున్నాడు. ముందుగది గోడకు, నేల నుంచి మూడు నాలుగు జానల పైన, ఈ మూల నుంచి ఆ మూల దాకా నల్లటి పట్టీ. గోడకు ఆనుకుని కూర్చుని చదివిన పిల్లల తలల కొబ్బరినూనె. ఎన్ని బ్యాచుల తలలో. పైన రెండు పూతలు పడినా ఆ పట్టీ మాత్రం పైకి తేలుతూనే ఉంది.

"నూనె మరకక్కా, సున్నం పట్టుకుంటలేదు" అన్నాడు సున్నం వేసే అతను.

బ్రష్షు డబ్బాలో పడేసి, ఇనుప రేకు తీసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. తలుపు పక్క మూల నుంచి గీకడం మొదలుపెట్టాడు.