భార్గవి సిస్టర్ బండి మూలుగు

పైలి ఆశాన్ కుదురుగా కూర్చోవడం నేను పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి తప్ప చూడలేదు. టీ తాగినా నిలబడే తాగుతాడు, అదీ సగం. మా మంజప్పార కొండమీద బండి ఉన్న ప్రతివాడికీ మెకానిక్ ఆయనే, అందుకే అందరికీ ఆశాన్, అంటే గురువు. రోడ్డుమీద ఏదైనా బండి పోతుంటే మాట మధ్యలో ఆపేసి చెవి అటు పడేస్తాడు. వీడి కుడి వెనక బేరింగు పోతోంది, వారంలో వస్తాడు చూడు అంటాడు. వారం తిరక్కుండా వాడొచ్చి షెడ్డు ముందు నిలబడేవాడు. నేను యాలకుల తోటలకు కూలీలను జీపులో తిప్పేవాణ్ణి. ఆయనంటే నాకు గౌరవమూ ఉంది, ఒళ్ళుమంటా ఉంది. ఎందుకో చెబుతాను.

భార్గవి సిస్టర్ పెద్దాసుపత్రిలో నర్సుగా రిటైరై వచ్చి, మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పుళ్ళు కడగడం, నొప్పి మందు ఇవ్వడం తన నెత్తిన వేసుకుంది. ఆ తిరుగుడు కోసం ఒక పాత అంబాసిడర్ కొంది. కొన్న మూడో వారానికే దాని వెనక భాగం మూలగడం మొదలుపెట్టింది. తను వంపు తిరగకముందే రోగులకు తెలిసిపోతోందనీ, దుప్పటి సర్దుకుని కూర్చుంటున్నారనీ నవ్వుతూ చెప్పింది. బండి దారిలో ఆగిపోతే ఎవరో ఒకరు తెల్లారేదాకా నొప్పితో ఏడవాల్సిందే అన్నప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆశాన్ ఆవిడ పక్కన ఎక్కాడు, నేను వెనక కూర్చున్నాను. యాక్సిలరేటర్ నొక్కమన్నాడు, కాలు తీయమన్నాడు, మళ్ళీ నొక్కమన్నాడు. నొక్కితే మూలుగు, తీస్తే సద్దు లేదు. గేరు మార్చినా అదే వేగంలో అదే మూలుగు, కాబట్టి గేరుబాక్సు కాదు. వంపుల్లో పెరగలేదు, తగ్గలేదు, కాబట్టి చక్రాల బేరింగులూ కావు. ఇక మిగిలింది డిఫరెన్షియల్, అంటే వెనక ఇరుసు నడుమ గుండ్రటి డొక్కలో తిరిగే పళ్ళ చక్రాలు. అందులో ముందు బేరింగు పోయిందని ఆయన అక్కడే తేల్చేశాడు.

విప్పితే నూనెతోపాటు రంపప్పొట్టు ముద్దలు ముద్దలుగా వచ్చింది. అమ్మినవాడు మూలుగు వినపడకుండా కూరిపెట్టాడన్నమాట. ఆశాన్ వాణ్ణి, వాడి వంశాన్ని గంటసేపు తిట్టాడు. కిరసనాయిలుతో అంతా కడిగి, కొత్త బేరింగులు దించి, పళ్ళకు పసుపు పెయింటు పూసి తిప్పి చూశాడు. పళ్ళు ఒరుసుకున్న మచ్చ పంటికి సరిగ్గా నడుమ పడేదాకా పల్చటి రేకు వాషర్లు ఒకటి తీస్తూ ఒకటి వేస్తూ మూడు రోజులు నిద్రాహారాలు మానేశాడు. చివరికి ఆ డొక్క వెనక కంతలోంచి నూనె పోసి, పొర్లగానే మూత బిగించాడు. బండి పిల్లిలా చప్పుడు లేకుండా వెళ్ళింది.

నాలుగు నెలలకు మళ్ళీ మూలిగింది.

ఈసారి తప్పు బేరింగుదయింది, నకిలీ సరుకు అంటగట్టారన్నాడు. తనే బస్సెక్కి కొట్టాయం పోయి, పది బేరింగులు చెవి దగ్గర తిప్పి చూసి ఒకటి తెచ్చాడు. అది వేసిన రోజు టీ కొట్టు దగ్గర పదిమంది ముందు ఒట్టు పెట్టాడు.

"ఇది గనక మూడోసారి మూలిగిందా, ఈ చేత్తో మళ్ళీ పానా పట్టను."

ఎవరడిగారు ఈయన్ని? పానా తప్ప మరో బతుకు తెలియని మనిషి అనే మాటేనా అది? ఆ తర్వాత నాలుగు నెలలూ సాయంత్రం సిస్టర్ బండి వచ్చే వేళకు రోడ్డుమీదికి వచ్చి నిలబడేవాడు. భార్య ఏలిక్కుట్టి కర్రపెండలం, చేపల పులుసు పెట్టి పిలిస్తే, చేతిలో ముద్ద పట్టుకునే బయటికి వచ్చేవాడు. మేమంతా ఓదార్చాం. ఈ కొండ ఎక్కితే ఏ డిఫరెన్షియలైనా మూలుగుతుంది, నా జీపుది అయిదుసార్లు విప్పించాను, అదంతా ఏటవాలు తినేసే తిండి అన్నాను. మా ఊళ్ళో అందరూ నమ్మే మాటే అది.

నాలుగో నెల చివర, ఒక గురువారం, సిస్టర్ చర్చి మైదానంలో బండి ఆపి కబురు పంపింది. మళ్ళీ మూలుగుతోంది. ఆశాన్‌ను నా జీపులో తీసుకెళ్ళాను. దారంతా మోకాళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు. బండి కింద దూరి, వెనక మూత విప్పి వేలు పెట్టాడు. నూనె అందలేదు. ఎక్కడా కారిన మరక లేదు. డబ్బాలోంచి పోస్తే, పోసినంతా తాగింది, ముప్పావు లీటరు పట్టాక గాని పొర్లలేదు. ఎవరైనా నూనె దొంగిలించారేమో అన్నాను. నా మొహం, డిఫరెన్షియల్ నూనె దొంగిలించేవాడెవడు?

బేరింగు ఎలాగూ మార్చాలి గనక బండిని షెడ్డుకు తెచ్చాం. ఆయన షెడ్డు రోడ్డు నుంచి పైకి వాలుగా ఉంటుంది. ఏ బండైనా ముక్కు కొండవైపు పెట్టి ఎక్కాల్సిందే. మా ఊళ్ళో చదునైన నేల చర్చి మైదానం ఒక్కటే, అందుకని ఆ వాలు మాకు వాలుగా కూడా కనిపించదు. ఆశాన్ కిందికి దూరి వెనక మూత విప్పాడు. నూనె బుడబుడమని మణికట్టుమీద పడింది. అరగంట కింద పోస్తే పోస్తే నిండిన బండి, ఇక్కడ పొర్లిపోతోంది.

బయటికి వచ్చి, నా చేతిలోని నల్ల టీ గ్లాసు లాక్కుని నేలమీద పెట్టాడు. టీ ఒక పక్క అంచుదాకా ఉంది, ఎదురు పక్క వేలెడు కిందికుంది. దాన్ని చూస్తూ అక్కడే నేలమీద కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం చూసి నాకు భయం వేసింది.

"ముక్కు పైకుంటే నూనె వెనక్కి జారి ముందే పొర్లుతుంది. నిండిందనుకుని మూత బిగించేస్తున్నా. ముందు బేరింగుకి చుక్క అందట్లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే చేస్తున్నాన్రా, సుకూ."

నా జీపు అయిదుసార్లు. నాకు ఒళ్ళు భగ్గుమంది, ఆయన్ను ఏమన్నానో ఇక్కడ రాయను. కాసేపటికి ఆ మొహం చూడలేక నేనే చల్లబడ్డాను. ఎవరికీ తెలియదు కదా, నాలుగు ట్రక్కుల మట్టి తోలించి నేల సరిచేసేయ్, నేను నోరు విప్పను అన్నాను. బేరింగు మార్చలేదు, సిస్టర్ ఆ మూలిగే బండితోనే తిరిగింది. ఆయన రెండు రోజులు షెడ్డు తెరవకుండా రోడ్డుమీద అటూ ఇటూ తిరిగాడు.

ఆదివారం పూజ అయ్యేసరికి కొండమీది బళ్ళన్నీ చర్చి మైదానంలో ఉన్నాయి. ఆశాన్ తెల్ల పంచెతోనే నూనె డబ్బా పట్టుకుని మొదటి జీపు కిందికి దూరాడు. నూనె నింపి లేచి, దాని యజమానికి చెప్పాడు. తర్వాత రెండో బండి, మూడో బండి. ప్రతివాడికీ అదే మాట, కొండది కాదు, తప్పు నాదే. కొందరు తలవంచుకుని విన్నారు. ఒకడు బూతులు తిట్టాడు, నాకు ఆ బూతులు తెలుసు. పదకొండో బండి దగ్గరికి వచ్చేసరికి పంచె నల్లబడిపోయింది. అక్కడ సిస్టర్ నిలబడి ఉంది. ఆశాన్ పానా తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

సిస్టర్ దాన్ని గుడ్డపీలికలూ మందులూ ఉన్న సంచిలో పడేసుకుంది.

"బుధవారం దీన్నీ బండినీ తెస్తాను. ఆలోగా నేల చదును చెయ్యి."

"ఒట్టు పెట్టాను సిస్టర్."

"నేనూ ఓసారి ఒక మనిషికి తప్పు మందిచ్చాను, ఆశాన్. మర్నాడు మళ్ళీ ఆ మంచం దగ్గరికే వెళ్ళాను. వెళ్ళడం కష్టంగానే ఉంటుంది. నీకూ ఉండనీ."

ఆ సాయంత్రమే ఆయన ఒక్కడే పలుగూ పారా పట్టుకుని షెడ్డు నేల తవ్వడం మొదలుపెట్టాడు. రెండో రోజు నేను చూస్తూ ఊరుకోలేక పార తెచ్చుకున్నాను. బూతులు తిట్టినవాడు కూడా వచ్చాడు, పలకరించకుండానే మట్టి మోశాడు. బుధవారం పొద్దున్నే సిస్టర్ వచ్చి బండి ఎక్కించింది. ఆశాన్ టీ గ్లాసు నేలమీద పెట్టి, బోర్లా పడుకుని ఒక కన్ను మూసి చూశాడు. టీ సమంగా ఉంది. సిస్టర్ పానా చాపింది. ఆయన చాలాసేపు దాన్ని చూశాడు గాని తీసుకోలేదు. ఏడిళ్ళకు వెళ్ళాలి, ఒకామెకు మందు మధ్యాహ్నంతో అయిపోతుంది అని మాత్రం అంది సిస్టర్. అప్పుడు తీసుకున్నాడు. బండి కిందికి దూరాడు.

అది జరిగి మూడేళ్ళు. ఆ బండి మళ్ళీ మూలగలేదు. రోగులకు తెలియాలని సిస్టర్ ఇప్పుడు వంపు దగ్గర హారన్ కొడుతోంది. అది వినగానే ఆశాన్ మాట మధ్యలో ఆపేస్తాడు. హారన్ ఆగాక కూడా, బండి కొండ దాటేదాకా, చెవి అటే పడేసి నిలబడతాడు.