రానివాటి డబ్బా

స్టాంపు ప్యాడ్ మూత తీయగానే ఒక వాసన వస్తుంది. తడిసిన అట్టముక్కకు కొంచెం స్పిరిట్ తగిలితే ఎలా ఉంటుందో అలా. ముప్పై ఏళ్ళుగా ఆసుపత్రి కౌంటరులో కూర్చుని ఆ వాసన పీలుస్తున్నాను, ఇంకా అలవాటు కాలేదు. మొన్న ఒక ముసలామె చేత ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించాను. కొత్తగా చేరిన డాక్టరమ్మ దాన్ని చూసి, "ఇదేం ముద్ర? మరకలాగా ఉంది. ఒక్క గీత కూడా పడలేదు, మళ్ళీ వేయించండి" అంది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "పదిసార్లు వేయించినా ఇంతే పడుతుంది డాక్టర్. ఆమె వేలికి గీతలు లేవు. ఉన్నవన్నీ మీరుండే బిల్డింగులకు ఇచ్చేసింది" అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయి కాగితం తీసుకుని వెళ్ళిపోయింది. తరువాత నాకే సిగ్గేసింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, దానికేం తెలుసు? నాకు మాత్రం ఎవరో చెబితేనే కదా తెలిసింది.

చెప్పినామె రాజమణి బాయి. మరాఠీ బడుల్లో టీచరమ్మను బాయి అంటారు. మాది తెలుగు బడే అయినా మాకూ ఆమె బాయే. మేము పెరిగిన బొంబాయి కామాటిపుర పేరు చెప్పగానే బయటివాళ్ళకు ఎర్రదీపాల వీధులే గుర్తొచ్చి, పెదవి చివర ఒక నవ్వు నవ్వుతారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ నవ్వు చాలాసార్లు చూశాను. మాకు మాత్రం కామాటిపుర అంటే పొద్దున్నే నల్లా దగ్గర బిందెల వరుస, గదుల ముందు గ్యాలరీ పొడుగునా ఆరేసిన చీరలు, ఖోలీ అనే పది అడుగుల ఒంటి గదిలో ఆరుగురం. బాయి కూడా అక్కడి మనిషే. ఆమె ముత్తాత రాళ్ళు మోయడానికి బొంబాయి వచ్చాడట. నాలుగు తరాలకు ఆ ఇంట్లో ఒక టీచరు తేలింది. పొట్టిగా ఉండేది, గొంతు మాత్రం గ్రాంట్ రోడ్ స్టేషను దాకా వినబడేది. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. కోపం వస్తే ఆ లవంగం కుడి బుగ్గలోంచి ఎడమ బుగ్గలోకి వెళ్ళేది. మేము పాఠం కంటే దాన్నే జాగ్రత్తగా గమనించేవాళ్ళం.

ఆమె బల్ల మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. ప్రతి టర్మ్ మొదటి రోజు అందరికీ చిన్న చీటీలు పంచేది. "నీకేం రాదో రాయి" అనేది. ఏడాది చివర ఒక ఆదివారం తల్లిదండ్రులను పిలిచేది. ఒక్కొక్కరం లేచి మా చీటీ చదివి, ఆ రానిది ఇప్పుడు అందరి ముందూ చేసి చూపించి, చీటీని చింపేయాలి. చింపగానే చప్పట్లు. ఫస్టు వచ్చినవాడికీ, గట్టెక్కినవాడికీ ఒకే చప్పట్లు, ఒకే లడ్డు. ఆదివారమే ఎందుకంటే, మా వాళ్ళకు కూలి పని లేని రోజు అదొక్కటే. బాయి కూడా ఒక చీటీ రాసి డబ్బాలో వేసేది. రొట్టె గుండ్రంగా చేయడం రాదని రాసి ఉంటుందని మేము నవ్వుకునేవాళ్ళం. కానీ ఆమె తన చీటీని ఎప్పుడూ చింపలేదు.

తొమ్మిదో తరగతి మొదట్లో నేను "నాకు లెక్కలు రావు" అని రాశాను. ఆమె చదివి, "కూర మంచిగ లేదంటే ఎట్ల బిడ్డా? ఉప్పు తక్కువైందా, కారం ఎక్కువైందా? సక్కగ చెప్పు, చేద్దాం" అంది. నాకు చెప్పడం చేతకాలేదు. ఆ చీటీ అలాగే ఉండిపోయింది.

మిల్లుల సమ్మె అయిపోయిన రెండో ఏడో మూడో ఏడో, సరిగా గుర్తులేదు. వర్లి మిల్లులో మా నాన్న ఉద్యోగం పోయింది. సేద్యం చేస్తానని పాలమూరు వెళ్ళిపోయాడు. అమ్మ నాకా మీద నిలబడడం మొదలుపెట్టింది. నాకా అంటే పొద్దున్నే కూలీలు వరుసగా నిలబడి, మేస్త్రీ వచ్చి ఏరుకుపోయేదాకా ఎదురుచూసే కూడలి. సిమెంటు నింపిన ఇనుప తట్టను నెత్తిన పెట్టుకుని అంతస్తులు ఎక్కడం ఆమె పని. జూన్ నెలలోనే నాతో తేల్చి చెప్పింది. "సదువు వస్తే సదువు. నేను అడ్డం రాను. ఆ మార్కుల పుస్తకంల ఎర్రగీత కనబడితే మాత్రం బడి బంద్. నాతోటి నాకా మీద నిలవడాలె, ఇద్దరం మోస్తే ఇల్లు గడుస్తది." ఇందులో కసాయితనం ఏమీ లేదు. అమ్మ ఉన్నమాటే చెప్పింది.

దీపావళి సెలవులకు ముందు ప్రగతి పుస్తకాలు ఇచ్చారు. లెక్కల్లో నాకు పదకొండు. కింద ఎర్రగీత, చిన్నది కూడా కాదు, కాగితం చిరిగేలా గీశారు. ఇంటికి తీసుకెళ్ళి ట్రంకు పెట్టె వెనక దాచాను. సెలవుల తరువాత తల్లిదండ్రుల గుర్తుతో పుస్తకం తిరిగి ఇవ్వాలి. వేరే బళ్ళలో పిల్లలు నాన్న సంతకాన్ని నెలల తరబడి సాధన చేస్తారట. మాకు ఆ కష్టం లేదు. మా వాళ్ళది వేలిముద్ర, నాకూ ఒక వేలుంది. పక్క ఖోలీలో పోస్టాఫీసు అన్న దగ్గర ప్యాడ్ అడిగి తెచ్చి, గుర్తు పెట్టాల్సిన గడిలో నా బొటనవేలు నొక్కాను. ఎంత బాగా పడిందో! చుట్లు చుట్లుగా, ఒక్క గీత చెదరకుండా. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బడి తెరిచిన రోజు బాయి పుస్తకాలన్నీ చూసి, నన్నొక్కదాన్నే గ్యాలరీలోకి పిలిచింది. లవంగం బుగ్గ మారింది.

"ఇది ఎవరి వేలే?"

"అమ్మది, బాయి."

"మీ అమ్మ ఏం పని చేస్తది?"

"సిమెంటు మోస్తది."

ఆమె నా బొటనవేలు పట్టుకుని వెలుగు వైపు తిప్పింది. "మా అమ్మ గూడ మోసింది, ఇరవై ఏండ్లు. సున్నం, సిమెంటు, ఇటుక. ఆమె ఏలు పెడితే కాయితం మీద ఉత్త మరక పడేది. గీతలన్నీ ఈ బొంబాయి బిల్డింగులకే ఇచ్చింది. నీ దాంట్ల చూడు, ముగ్గేసినట్టున్నది. ఎవర్ని పిచ్చోళ్ళను జేస్తున్నవ్, పోరీ?"

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తిడితే ఏడ్చేదాన్ని, కొడితే ఇంకా సులువు. ఆమె రెండూ చేయలేదు. పుస్తకం తన దగ్గరే పెట్టుకుని నా చేతిలో ఒక చీటీ పెట్టింది. "ఈ టర్మ్‌ల నీకు ఏం రాదో ఇప్పుడు రాయి. లెక్కలు గాదు. అసలుది." గోడకు ఆనించి రాశాను, 'నాకు అమ్మతో నిజం చెప్పడం రాదు' అని. చదివి మడిచి డబ్బాలో వేసింది. "ఏప్రిల్ దాకా టైమున్నది. నేనైతే చెప్ప. నువ్వే చెప్పాలె" అంది.

ఆ టర్మ్‌లో నన్ను లెక్కల దారికి తెచ్చింది అమ్మే, ఆమెకే తెలియకుండా. ఒకరోజు బాయి అందరికీ ఒకే పని చెప్పింది. "మేస్త్రీ గోడ మూల సరిగ్గ వచ్చిందో లేదో ఎట్ల చూస్తడు? ఇంట్ల అడిగి రాండ్రి." సాయంత్రం అమ్మను అడిగాను. అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. "గిదెందుకే నీకు?" అంటూనే, తాడు ముక్క తెమ్మని గచ్చు మీద కూర్చుంది. "ఇటు మూడు మూరలు. అటు నాలుగు. ఈ కొస నుంచి ఆ కొసకు అయిదు పడితే మూల సక్కగున్నట్టు. పడకపోతే మేస్త్రీకి తిట్లు, మాకు రెండోసారి మోసుడు." పుస్తకంలో దానికి ఒకటిన్నర పేజీ ఉంది, ఆ పేజీన్నర నా కళ్ళముందు తాడు ముక్కలో ఇమిడిపోయింది. మరునాడు బోర్డు మీద నేనే చెప్పాను, జీవితంలో మొదటిసారి. బాయి, "మీ అమ్మ దగ్గర ఇంకేం తెలుసుకున్నవ్?" అని అడిగేది రోజూ. నేను రోజూ ఏదో ఒకటి పట్టుకెళ్ళేదాన్ని, ఇసుక ఎన్ని పాళ్ళు, మెట్టు ఎంత ఎత్తు. అమ్మ కూడా అన్నం తింటూ, "ఇయ్యాల మీ బాయి ఏమడిగింది?" అనేది. అలా అడిగినప్పుడల్లా ట్రంకు పెట్టె వెనక దాచిన సంగతి గుర్తొచ్చేది. చెబుదామని నోరు తెరిచి, మంచినీళ్ళు కావాలా అని అడిగేదాన్ని.

ఫిబ్రవరిలో మా బెంచీలో కూర్చునే ఎల్లమ్మ బడికి రాలేదు. వాళ్ళ నాన్నకు భివండీ వైపు పని దొరికితే కుటుంబమంతా అక్కడికే వెళ్ళిపోయింది. రైలు బోర్డుల మీద మరాఠీ చదవడం రాదని రాసిన ఆమె చీటీ డబ్బాలో ఉండిపోయింది. బాయి రెండు ఆదివారాలు భివండీ వెళ్ళి వెతికింది. దొరకలేదు. ఆ వారమంతా ఆమె ఎవరినీ తిట్టలేదు, మాకు దానికే భయమేసింది.

వార్షిక పరీక్షల ఫలితాలు వచ్చాక ఆ ఆదివారం రానే వచ్చింది. బెంచీలు గోడకు చేర్చి, జంపఖానాలు పరిచి, తల్లులను ముందు కూర్చోబెట్టారు. అమ్మ తన ఒక్క మంచి చీర కట్టుకుని వచ్చింది. మా క్లాసు రాములు గడియారం చూసి ఇంగ్లీషులో టైము చెప్పి చీటీ చింపాడు. వాళ్ళ నాయనమ్మ నోట్లో వేళ్ళు పెట్టుకుని ఈల వేసింది. నా పేరు పిలిచారు. చీటీ విప్పాను. చదవకుండా మళ్ళీ మడిచాను. అమ్మ నవ్వుతూ, "సదువే, ఏం భయం" అంది. చదివాను. అమ్మ వైపు తిరిగాను.

"అమ్మా, దీపావళికి లెక్కల్ల పదకొండే వచ్చినయి. ఎర్రగీత పడ్డది. పుస్తకం నీకు చూపియ్యలే. నీ అంగూఠా ముద్ర నేనే పెట్టిన."

అమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. చెంప పగులుతుందని కళ్ళు మూసుకున్నాను. బాయి ప్రగతి పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అమ్మకు అక్షరాలు రావు, ఎరుపు మాత్రం తెలుసు. ఆ గీత మీద వేలుపెట్టి చూసింది.

"ఇప్పుడెన్ని వచ్చినయి?"

"నలభై ఒకటి."

"ఎంతల?"

"నూరుల."

అమ్మ బాయి వైపు తిరిగింది. "నూరుల నలభై ఒకటికి చప్పట్లు కొడుతున్నరా బాయి మీరు?"

"నువ్వు తట్ట ఎత్తుకొని నాలుగో అంతస్తుకు ఎక్కుతవ్ గదక్కా. సగం ఎక్కినంక ఎవరన్న నీకు చప్పట్లు కొట్టిన్రా? కొట్టలే. అందుకే మేం కొడుతున్నం."

 అమ్మ పుస్తకాన్ని వెలుగు వైపు తిప్పి నేను నొక్కిన ముద్రను చూసింది. తరువాత నెమ్మదిగా అంది, "ఎర్రగీత చూస్తే తిడుదును. కొడుదును గూడ. అది వేరే ముచ్చట. కాయితం మీద పెట్టనీకి నాకున్నది ఈ ఒక్క ఏలే గదనే. అది గూడ నువ్వే పెడితే ఇగ నేనెందుకు?"

ఆ మాటకు నేను ఏడ్చాను. ఇప్పటికీ తలచుకుంటే ఏడుపొస్తుంది, దాచేదేముంది.

అమ్మ ప్యాడ్ అడిగింది. నా ముద్ర పక్కన మిగిలిన కాస్త చోటులో తన బొటనవేలు గట్టిగా నొక్కింది. ఒక ఊదారంగు మరక పడింది, అంతే. రెండింటినీ పక్కపక్కన చూసుకుంది, నా చెయ్యి లాక్కుని వేలు కూడా చూసింది. "జూన్‌ల బడి ఎప్పుడు తెరుస్తరు బాయి?" అని అడిగింది. "తట్ట పట్టుకుంటే దీనిది గూడ ఇట్లనే అయితది. వద్దు. ఉండనీ దీని గీతలు."

నేను చీటీ చింపాను. చప్పట్లు వినబడ్డాయో లేదో గుర్తులేదు. గుర్తున్నది ఒకటే. అందరూ లడ్డులు తింటుంటే బాయి డబ్బాలోంచి తన చీటీ తీసింది. సగానికి చింపి, ఒక సగం కొంగున కట్టుకుని, మిగతా సగం మళ్ళీ డబ్బాలో వేసింది. ఏం రాసిందని అప్పుడు అడిగే ధైర్యం లేదు. ఉద్యోగం వచ్చాక మిఠాయి తీసుకుని వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అడిగాను. "బడి ఇడిచి పోయేటోళ్ళను ఆపుడు నాకు రాదని రాసిన. నువ్వు ఆగినవ్. ఎల్లమ్మ పోయింది. అందుకే సగం" అంది. లవంగం నోట్లో ఉంది గాని బుగ్గ మారలేదు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ డబ్బా ఏమైందో తెలియదు. అమ్మ కూడా లేదు. ప్రగతి పుస్తకం నా దగ్గరే ఉంది, ఆఫీసు బీరువాలో. అమ్మ ఫోటోలు రెండున్నాయి, రెంటిలోనూ బిగుసుకుపోయి ఉంటుంది. ఆమెను చూడాలనిపిస్తే ఆ ముద్రలున్న పేజీనే తెరుస్తాను.

నిన్న ఆ డాక్టరమ్మను పిలిచి పుస్తకం చూపించాను. కోప్పడినందుకు ఏమనుకోవద్దని చెప్పి, జరిగిందంతా చెప్పాను. ఆమె రెండు ముద్రలనూ దగ్గరగా పట్టుకుని చూసింది. ఈ రోజు పొద్దున ఒక కూలీ తల్లి తన బిడ్డ ఆపరేషన్ కాగితం మీద వేలు నొక్కి, మరకే పడిందని బెదురుగా మా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే డాక్టరమ్మ కాగితం అందుకుంది. "సరిగ్గానే పడిందమ్మా" అంది.